టికెట్లు బుక్ చేసేముందే స్కూల్ సంగతి చూస్కోండి

సంపాదకులు గారికి నమస్కారం,

ఫ్యామిలీతో విదేశాలకి షిఫ్ట్ అయ్యేవాళ్ళ కోసం మీ పేపర్లో ఈమధ్య వేసిన పేజీ చదివాను. వీసా, అద్దె ఇల్లు, బ్యాంక్ అకౌంట్, డ్రైవింగ్ లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ వివరంగానే రాశారు, పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం మంచి రేటింగ్ ఉన్న స్కూల్ చూసి చేర్పించండి అని ఒక్క ముక్కతో తేల్చేశారు. అసలు చిక్కంతా అక్కడే ఉందండీ. నేను కొన్నేళ్ళు విదేశంలో ఒక స్కూల్లో, కొత్తగా దిగిన పిల్లలకి భాషలో సాయం చేసే సెక్షన్లో పనిచేశాను, అడ్మిషన్ టేబుల్ కి అటువైపు కూర్చుని చూసినదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది. కాస్త పొడుగైతే ఏమనుకోకండి, మీకు అక్కర్లేదనిపించింది కత్తిరించేయండి.

అమ్మానాన్నలు వచ్చి కూర్చోగానే అడిగేది ఒకటే, ఈ ఊళ్ళో బెస్ట్ స్కూల్ ఏది అని. దానికి మా దగ్గర జవాబు ఉండేది కాదు, మేం తిరిగి అడిగేవాళ్ళం, మీరిక్కడ ఎన్నాళ్ళుంటారు, ఇక్కణ్ణుంచి ఎక్కడికెళ్తారు అని. ఇక చూడండి, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆయనేమో మూడేళ్ళ కాంట్రాక్ట్ అంటాడు, ఆవిడేమో ఉండిపోదామనే కదా వచ్చాం అంటుంది, మధ్యలో పిల్ల రోలింగ్ చైర్ ని అటూ ఇటూ తిప్పుకుంటూ ఇద్దరి మాటా వింటుంటుంది. ఆ విషయం వాళ్ళిద్దరూ ఇంట్లో మాట్లాడుకుని రాలేదన్నమాట. కంపెనీవాళ్ళు ఫ్లైట్ టికెట్లు, కంటైనర్ లో సామాన్లు, నెల రోజుల సర్వీస్ అపార్ట్‌మెంట్ అన్నీ చూస్తారు, ఈ ప్రశ్న మాత్రం ఎవ్వరూ అడగరు, స్కూల్ ఎంపిక సగం దీనిమీదే ఆధారపడి ఉన్నా సరే.

రెండు మూడేళ్ళలో తిరిగి సొంత దేశం వెళ్ళిపోయేది ఖాయమైతే, పిల్లాడు తిరిగెళ్ళాక ఏ క్లాసులో కూర్చుంటాడు, అక్కడ ఏ సబ్జెక్టులు అడుగుతారు అన్నది ముందు చూడాలి. సొంత దేశం సిలబస్ చెప్పే స్కూల్ ఆ ఊళ్ళో ఉంటే అదొక దారి. పిల్లలు ఎనిమిదేళ్ళ లోపువాళ్ళైతే నన్నడిగితే అంత కంగారు అక్కర్లేదు, ఇంటి పక్కనున్న మామూలు లోకల్ స్కూల్ కి పంపండి, రెండేళ్ళలో ఒక కొత్త భాష ఊరికే వచ్చేస్తుంది, పోయిన లెక్కలు ఇంట్లో చెప్పుకోవచ్చు. మూడు నాలుగేళ్ళకోసారి దేశం మారే ఉద్యోగాలైతే వేరే కథ, వాళ్ళకి ఎక్కడికెళ్ళినా దొరికే సిలబస్ కావాలి. ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే సిలబస్, పుట్టిందే ఇలాంటి కుటుంబాల కోసం, 1968లో జెనీవాలో మొదలైంది. పదో తరగతి స్థాయిలో ఉండే కేంబ్రిడ్జి వాళ్ళ ఐజీసీఎస్ఈ 1988లో వచ్చింది, అదీ చాలా దేశాల్లో దొరుకుతుంది. ఉండిపోవడానికే వెళ్తున్నవాళ్ళు మాత్రం లోకల్ గవర్నమెంట్ స్కూల్ ని ముందు చూడాలని నా అభిప్రాయం, పిల్లలు రేపు బతకాల్సింది ఆ వీధిలో పిల్లలతోనే కదా. ఆ ఊరివాళ్ళతో కలవకుండా ఆరేళ్ళు ఇంటర్నేషనల్ స్కూల్లో చదివి, అక్కడి భాషలో గట్టిగా నాలుగు మాటలు రాని పిల్లల్ని చూశాను.

ఇక్కడ ఐబీ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. ఐబీ అంటే ప్రపంచమంతా ఒకటే, ఎప్పుడైనా ఎక్కణ్ణుంచైనా మారిపోవచ్చు అనుకుంటారు. చిన్న క్లాసుల్లో అది కొంతవరకు నిజం. పెద్ద క్లాసుల్లో, అంటే పదహారు దాటాక చదివే డిప్లొమాలో అలా కుదరదు, అది రెండేళ్ళ కోర్సు, ఆరు సబ్జెక్టులు, మామూలుగా మూడు హయ్యర్ లెవెల్లో మూడు స్టాండర్డ్ లెవెల్లో తీసుకుంటారు, ఏ సబ్జెక్టులు పెట్టాలన్నది ఆ స్కూల్ చేతిలో ఉంటుంది. మొదటి ఏడాది ఒక స్కూల్లో ఎకనామిక్స్ హయ్యర్ తీసుకుని రెండో ఏడాది వేరే దేశంలో చేరబోతే అక్కడ ఆ సబ్జెక్టే ఉండకపోవచ్చు, ఉన్నా వాళ్ళు పాఠాలు చెప్పుకొచ్చిన వరస వేరే ఉంటుంది. ఐజీసీఎస్ఈ కూడా మామూలుగా పద్నాలుగు నుంచి పదహారు మధ్య రెండేళ్ళ కోర్సే, దాని తర్వాత బ్రిటిష్ పద్ధతిలో చదివే ‘ఎ-లెవెల్స్’ కూడా అంతే. అందుకని ఇంట్లో పద్నాలుగు దాటిన పిల్లలుంటే కంపెనీని బతిమాలైనా సరే కోర్సు మొదట్లోనో చివర్లోనో మారండి గానీ మధ్యలో మాత్రం కదిలించకండి. ఇంకోటి, బోర్డు మీద ఇంటర్నేషనల్ అని ఎవరైనా రాసుకోవచ్చు. ఐబీ నుంచి ఆథరైజేషన్ వచ్చిందా, ఇంకా క్యాండిడేట్ గానే ఉందా అని అడగండి, క్యాండిడేట్ అంటే అనుమతి ఇంకా చేతికి రాలేదనే. మీ పిల్లలు వచ్చేటైంకి వచ్చేస్తుందండీ అంటారు, ఆ మాట నమ్మి ఫీజు కట్టొద్దు.

వయసుకీ క్లాసుకీ పొంతన కుదరకపోవడం ఇంకో తలనొప్పి. ఇంగ్లండ్ లో నాలుగేళ్ళు నిండిన పిల్లలు సెప్టెంబర్ లో రిసెప్షన్ అనే మొట్టమొదటి క్లాసులో చేరిపోతారు, కటాఫ్ ఆగస్ట్ 31. ఫిన్లాండ్ లో ఒకటో తరగతి మొదలయ్యేది ఏడో ఏట. ఫ్రాన్స్ లో 2019 నుంచి మూడేళ్ళకే చదువు తప్పనిసరి చేశారు. ఆస్ట్రేలియాలో స్కూల్ ఏడాది జనవరి చివర్లో మొదలవుతుంది, జపాన్ లో ఏప్రిల్ లో. అంటే సెప్టెంబర్ లో క్లాసు మొదలుపెట్టిన పిల్లాడు ఆస్ట్రేలియా వెళ్తే ఆర్నెల్లు ముందుకైనా దూకాలి లేదంటే ఆర్నెల్లు వెనక్కైనా వెళ్ళాలి. ఒక క్లాసు తగ్గించారని అమ్మానాన్నలు చేసే గొడవ అంతా ఇంతా కాదు, ఏదో పరువు పోయినట్టు. చిన్న పిల్లలకి దానివల్ల పోయేదేమీ లేదు, పైగా భాష పట్టుకోడానికి టైం దొరుకుతుంది. పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులో మాత్రం తనకంటే చిన్నవాళ్ళ మధ్య కూర్చోవడం పిల్లలకి నిజంగానే కష్టంగా ఉంటుంది, అప్పుడు పట్టుబట్టినా తప్పులేదు.

యూరప్ లో కొన్ని దేశాలకి వెళ్ళేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అవ్వగానే పిల్లల్ని వేరే వేరే రకం స్కూళ్ళకి విడగొట్టేస్తారు, బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్ లో అయితే ఆరో తరగతి తర్వాత. జిమ్నాజియం అంటే మనం కసరత్తు చేసే చోటు కాదు, యూనివర్సిటీకి నేరుగా దారి వేసే స్కూల్ అది, మిగతావి ఎక్కువగా వృత్తి చదువుల వైపు నడిపిస్తాయి. నెదర్లాండ్స్ లో పన్నెండేళ్ళ దగ్గర ఇలాంటి విభజనే ఉంది. ఇప్పుడు లెక్కేయండి, తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి జర్మన్ ఒక్క ముక్క రాకుండా తీసుకెళ్ళి మూడో తరగతి చివర్లో దింపితే ఏడాది తిరక్కుండానే వాడి మార్కులు చూసి వాడు ఎటు వెళ్ళాలో టీచర్లు చెప్పేస్తారు, ఆ మార్కుల్లో వాడి తెలివి ఎంతో వాడికి రాని జర్మన్ ఎంతో ఎవరు విడదీస్తారు? తర్వాత మారే దారులు ఉన్నాయి, లేవని కాదు, అవి ఎక్కడం కష్టం. ఇంట్లో చదివించుకుంటాంలే అనడానికీ లేదు, అక్కడ పిల్లలు స్కూల్ కి వెళ్ళాల్సిందేనని చట్టం. ఇదే కుటుంబం పిల్లాడికి ఆరేళ్ళప్పుడు వెళ్ళుంటే ఇదంతా సమస్యే కాదు. అందుకే పిల్లల వయసు చూసుకుని దేశం మారడం, జీతం చూసుకుని మారడం ఈ రెండింట్లో ఏది ముందు అనేది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి అంటాను.

భాష గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నేను రోజూ చూసింది అదే కాబట్టి. కొత్తగా వచ్చిన పిల్లలు మొదట కొన్ని వారాలు, కొందరైతే నెలల తరబడి నోరు తెరవరు. క్లాసులో రాయిలా కూర్చుంటారు, బాత్రూంకి వెళ్ళాలన్నా అడగరు, టిఫిన్ బాక్స్ మూత సగం తీసి మళ్ళీ పెట్టేస్తారు. మా సెక్షన్లో ఒక పాప ఉండేది, టేబుల్ మీద బొమ్మల కార్డులు పరిస్తే సరైనదాని మీద వేలు పెట్టేది, ఒక్కటీ తప్పేది కాదు, మాట మాత్రం బయటికొచ్చేది కాదు. వాళ్ళమ్మ ఏడుపొకటే తక్కువ, మా పాప ఇంట్లో గలగలా మాట్లాడుతుందండీ అని. చెవుల్లోంచి లోపలికి వెళ్ళేది వెళ్తూనే ఉంటుంది, ఆ టైంలో తొందరపెట్టకూడదు. ఆ తర్వాత ఉన్నట్టుండి మాటలు మొదలవుతాయి, ఏడాది రెండేళ్ళలో ఆటస్థలంలో అక్కడి పిల్లల యాసలోనే పోట్లాడుకుంటారు. ఇక మావాడికి భాష వచ్చేసింది, ఆ ఎక్స్‌ట్రా క్లాసు తీసేయండి అని అమ్మానాన్నలు అప్పుడొస్తారు. జిమ్ కమిన్స్ అని కెనడాలో భాషల మీద పనిచేసిన పండితుడు 1979లోనే ఈ తేడా విడమరిచి చెప్పాడు, ఆ తర్వాత లెక్కా కట్టాడు, కబుర్లు చెప్పుకునే భాష రెండేళ్ళలో వస్తుంది గానీ, సైన్స్ పాఠం చదివి సొంతంగా జవాబు రాసే భాష తోటి పిల్లలతో సమానంగా రావడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుందని. నేను చూసినదాన్నిబట్టి అది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆటలో గలగలా మాట్లాడే పిల్లాడే హిస్టరీలో ఒక పేరా రాయమంటే పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుంటాడు.

అమెరికాలో గవర్నమెంట్ స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఒక ఫారం ఇస్తారు. చాలామంది తెలివిగా ఇంగ్లీష్ అని ఒక్కటే రాసేస్తారు, వేరే భాష పేరు రాస్తే పిల్లాణ్ణి వెనకబడ్డ బ్యాచ్ లో పడేస్తారని భయం. అలా చేస్తే పిల్లాడికి రావాల్సిన సాయం అమ్మానాన్నలే చేతులారా ఆపినట్టు. భాష రాని పిల్లలకి అర్థమయ్యే ఏర్పాటు చేయకుండా ఊరికే క్లాసులో కూర్చోబెడితే సరిపోదని అక్కడి సుప్రీంకోర్టు 1974లోనే తీర్పిచ్చింది, అది హక్కుగా వచ్చేది, దయతో పెట్టేది కాదు. ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి, టెస్ట్ పెడతారు, నిజంగా వచ్చేసి ఉంటే వాళ్ళే అక్కర్లేదంటారు. ఇంట్లో మాత్రం మీ భాషే మాట్లాడండి దయచేసి, స్కూల్ కోసమని వచ్చీరాని ఇంగ్లీషులో పిల్లలతో మాట్లాడే తల్లుల్ని చూస్తే నాకు జాలేస్తుంది, కోపమూ వస్తుంది.

ఇల్లు సంగతి. గవర్నమెంట్ స్కూల్ అనుకుంటే చాలా దేశాల్లో మీ అడ్రసే మీ స్కూల్ ని నిర్ణయిస్తుంది. అమెరికాలో ఏ డిస్ట్రిక్ట్ లో ఉంటే ఆ డిస్ట్రిక్ట్ స్కూల్, లీజ్ కాగితం, కరెంట్ బిల్లు చూపించాలి. ఇంగ్లండ్ లో సీట్లకి మించి అప్లికేషన్లు వచ్చిన స్కూళ్ళు చాలావరకు ఇంటికీ స్కూల్ కీ మధ్య దూరం చూస్తాయి, అసలు సీట్ల పంపకం సెకండరీకి మార్చి 1న, ప్రైమరీకి ఏప్రిల్ 16న తేలిపోతుంది, మధ్యలో దిగినవాళ్ళకి మిగిలిన సీట్లే గతి. మంచి స్కూల్ పక్కనే ఇల్లు తీసుకున్నాం కదా అని ధీమాగా వెళ్తే ఆ క్లాసు నిండిపోయిందని రెండు బస్సులు మారే స్కూల్ చూపిస్తారు. అందుకే లీజ్ మీద సంతకం పెట్టేముందు అక్కడి లోకల్ కౌన్సిల్ కో స్కూల్ కో ఫోన్ చేసి ఫలానా క్లాసులో ఇవాళ ఖాళీ ఉందా అని అడగండి. ఇంకో పొరపాటు ఏంటంటే కంపెనీ ఇచ్చిన టెంపరరీ అపార్ట్‌మెంట్ అడ్రస్ తో పిల్లల్ని చేర్చేయడం, నెల తిరిగాక ఊరికి అటు చివర సొంతంగా ఇల్లు తీసుకుంటారు, పిల్లాడు అప్పుడప్పుడే ఒకడితో స్నేహం కలుపుకున్న స్కూల్ వదిలి మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాలి.

రేటింగులు చూడొద్దని అనను, చూడండి, అవి చెప్పేది ఎక్కువగా అక్కడి పిల్లల టెస్ట్ మార్కులు, ఆ మార్కుల వెనక ఆ ఏరియాలో అమ్మానాన్నల సంపాదనా చదువూ ఉంటాయి. మధ్యలో వచ్చిన మీ పిల్లని వాళ్ళెలా చూసుకుంటారన్నది ఆ నంబర్లో ఉండదు. ఇంగ్లండ్ లో స్కూళ్ళని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ కూడా గవర్నమెంట్ స్కూళ్ళకి ఒక్క మాటలో తీర్పు చెప్పే పద్ధతిని 2024 సెప్టెంబర్ లో మానేసింది. స్కూల్ చూడ్డానికి వెళ్తే ప్రిన్సిపాల్ గదిలో వీడియో చూసి వచ్చేయకండి, బ్రేక్ టైంలో గ్రౌండ్ పక్కన పది నిమిషాలు నిలబడనిస్తారేమో అడగండి. గోడల మీద అతికించిన పిల్లల రాతలు చదవండి, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలే ఉంటే తప్పులు రాసేవాళ్ళ కాగితాలు ఏమయ్యాయో ఆలోచించండి. గైడ్ గా వచ్చిన స్టూడెంట్ ని, పోయిన నెల కొత్తగా ఎవరైనా వచ్చారా, లంచ్ లో వాళ్ళు ఎవరి పక్కన కూర్చుంటున్నారు అని అడగండి, ఆ పిల్లాడు టక్కున పేరు చెప్తే ఆ స్కూల్ మీద నాకు నమ్మకం కుదురుతుంది. టీచర్లు ఏటా ఎంతమంది మారుతున్నారో కూడా అడగొచ్చు, ఇంటర్నేషనల్ స్కూళ్ళలో కొన్నింట్లో సగం మొహాలు ఏటా కొత్తవే.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. ట్యూషన్ ఫీజు కంపెనీ కడుతుందంటే మొత్తం కడుతుందనుకోవద్దు, అప్లికేషన్ ఫీజు, డిపాజిట్, బస్సు, యూనిఫాం, పరీక్ష ఫీజు ఎవరిమీద పడతాయో రాతలో తీసుకోండి. హాంకాంగ్ లాంటిచోట స్కూల్ భవనాలూ వసతుల కోసం అమ్మానాన్నల దగ్గర తీసుకునే క్యాపిటల్ లెవీ అనీ డిబెంచర్ అనీ ఇంకో పెద్ద ఖర్చు ఉంటుంది. చాలా ప్రైవేట్ స్కూళ్ళు మానేయాలంటే ఒక టర్మ్ ముందు చెప్పాలంటాయి, ఉద్యోగం పోతే ఆ టర్మ్ ఫీజు ఎవరు కడతారు? ఉద్యోగం పోవడం గురించి ఎవరూ మాట్లాడరు, శకునం బాలేదంటారు, కానీ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందు అడిగితేనే ఆ మాటకి విలువ. పెద్ద పిల్లలుంటే కాలేజీ ఫీజు లెక్క కూడా ఇప్పుడే వేసుకోవాలి, ఇంగ్లండ్ యూనివర్సిటీలు లోకల్ ఫీజు ఇవ్వాలంటే మామూలుగా కోర్సుకి ముందు మూడేళ్ళు అక్కడున్నారా అన్నదాంతో పాటు సెటిల్డ్ స్టేటస్, అంటే అక్కడే శాశ్వతంగా ఉండే హక్కు, ఉందా అని కూడా చూస్తాయి, స్కూలంతా అక్కడే చదివాడు కదా అంటే కుదరదు.

పిల్లలకి చదవడంలో గానీ, మాటలో గానీ, ధ్యాస నిలపడంలో గానీ ఇబ్బంది ఉంటే దాచకండి. సీటు రాదేమోనని రిపోర్టులు పక్కన పెట్టేసి చేర్పిస్తారు, రెండు నెలల్లో టీచర్ కి తెలిసిపోతుంది, అప్పుడు మా స్కూల్ మీ బాబుకి సరిపోదు అంటారు, ఏడాది మధ్యలో ఎక్కడికెళ్తారు? ప్రైవేట్ ఇంటర్నేషనల్ స్కూళ్ళు చాలాచోట్ల తీసుకోం అనేయగలవు. అమెరికాలో గవర్నమెంట్ స్కూళ్ళు అలా అనడానికి వీల్లేదు, 1975 నుంచి దానికి చట్టమే ఉంది, అందుకని ఇలాంటి పిల్లలున్న కుటుంబాలకి గొప్ప పేరున్న ప్రైవేట్ స్కూల్ కంటే మామూలు గవర్నమెంట్ స్కూలే నయం కావచ్చు.

కాగితాల సంగతి కూడా రాయండి ఈసారి పేజీ వేస్తే. గత రెండేళ్ళ రిపోర్ట్ కార్డులు, ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్, టీకాల రికార్డు, ఇవన్నీ అక్కడి భాషలోకి అధికారికంగా అనువాదం చేయించాల్సి రావచ్చు, కొన్ని దేశాలకి అటెస్టేషన్ కావాలి, దానికి వారాలు పడుతుంది. జర్మనీలో 2020 మార్చి నుంచి మీజిల్స్ టీకా వేయించినట్టు రుజువు స్కూల్లో చూపించాలి. పాత స్కూల్ వదిలే రోజు హడావిడిలో సంతకాలు, స్టాంపులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోరు, ఆరు వేల కిలోమీటర్ల అవతలికెళ్ళాక ఆ క్లర్క్ ఫోన్ ఎత్తడు. పిల్లాడి పాత నోట్ బుక్కులు ఒకటి రెండు కూడా పట్టుకెళ్ళండి, క్లాసు నిర్ణయించేటప్పుడు మార్కుల షీట్ కంటే లెక్కల నోట్ బుక్ చూసి టీచర్లు తొందరగా అంచనాకొస్తారు. ఇవన్నీ కంటైనర్లో వేయొద్దు, అది సముద్రం మీద ఉండగానే అడ్మిషన్ రోజు వచ్చేస్తుంది, చేతి సంచిలోనే పెట్టుకోండి.

చివరిగా మీకో విన్నపం. కుటుంబాల్ని విదేశాలకి పంపే కంపెనీల హెచ్ఆర్ వాళ్ళని మీ విలేకరులు ఒకసారి కదిలించి, పిల్లల స్కూల్ విషయంలో ఉద్యోగికి ఎన్ని వారాల ముందు చెప్తారు, స్కూళ్ళు చూసి రావడానికి ఒక ట్రిప్ ఇస్తారా లేదా, టర్మ్ మధ్యలో కాకుండా చివర్లో చేరతామంటే ఒప్పుకుంటారా అని అడిగి ఆ జవాబులు వేస్తే బావుంటుంది.

ఇట్లు
మీ పాఠకురాలు